రెండు ప్రసంగాలూ నేనే రాశాను

నేను ఇరవై ఆరేళ్లు తెలుగు పాఠం చెప్పాను. గవర్నర్‌పేటలో, కింద హోల్‌సేల్ పుస్తకాల కొట్లూ పైన తరగతి గదులూ ఉన్న ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో. మార్కులకు పనికొచ్చేవి లెక్కలూ సైన్సూ కాబట్టి నా పీరియడ్‌లో పిల్లలు మిగతా సబ్జెక్టుల హోంవర్కు చేసుకునేవాళ్లు. నా మాట విని ఎవరైనా ఏదైనా చేస్తారన్న ఆశ నాకు ఎప్పుడో పోయింది. ఈ సంగతి ముందే చెప్పడం దేనికంటే, ఆ తర్వాత నేను చేసిన పనికి ఇదొక కారణం. సమర్థించుకోవడానికి చెప్పడం లేదు.

ఒక ఏడాది కాలేజీ వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా ఒక నాయకుడు వచ్చాడు. కంకిపాడు వైపు రైస్ మిల్లు ఇంటి మనిషి. అప్పటికి ఒకసారి పోటీ చేసి ఓడిపోయి ఉన్నాడు. మనిషి పొడగరి, నెమ్మదస్తుడు, మైకు ముందు నిలబడితే మాత్రం చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. మా ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, "మేడమ్, ఆయనకు నాలుగు ముక్కలు రాసివ్వండి" అన్నారు. రాసిచ్చాను. ఆయన చదివాడు. ఎన్నడూ నా పాఠానికి తల ఎత్తని పిల్లలు ఆ రోజు ఆ నాలుగు ముక్కలకు ఈలలు వేసి చప్పట్లు కొట్టారు.

వెళ్లే ముందు ఆయన నా దగ్గరకు వచ్చి, "మీరు రాస్తే నాకు మాట్లాడటం వచ్చినట్టుంటుందండీ" అన్నాడు. నిజంగా మొహమాటపడుతూ అన్నాడు. ఆ మాట నాకు ఎంత నచ్చిందో ఇప్పటికీ చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది.

అలా మొదలైంది. రైతుల సమావేశం, రోడ్డు శంకుస్థాపన, సంతాప సభ, ఏదైనా సరే ఆయన ఫోన్ చేసేవాడు. సాయంత్రం కాలేజీ వదిలాక రెండు వీధుల అవతల ఉన్న ఆయన ఆఫీసుకు నడిచి వెళ్లేదాన్ని. ఇరుకు మెట్లు, పైన రెండు గదులు, కిటికీలోంచి పక్క లాడ్జి వరండాలో ఆరేసిన తువ్వాళ్లు కనిపించేవి. అక్కడ కూర్చుని రాసేదాన్ని. ప్రతిఫలం ఏమీ పుచ్చుకోలేదు. వేలమంది ముందు నా వాక్యం మైకులో వినిపించడమే నాకు చాలు అనిపించేది. గుణదల కొండ కింద మా అపార్టుమెంటులో కూర్చుని యూట్యూబులో ఆ సభలు చూసేదాన్ని. మా ఆయన, "నీ విరామచిహ్నాలు కూడా పాటిస్తున్నాడే" అని నవ్వేవారు.

మా పుట్టిల్లు కంకిపాడు దాటాక, కాలువ వార ఒక ఊళ్లో. అన్నయ్య అక్కడే ఉండి సేద్యం చేస్తున్నాడు. సొంతం నాలుగెకరాలు, కౌలు ఇంకో ఆరు. వరి కోసి మినుము చల్లేవాడు. రాజకీయాలు పెద్దగా పట్టించుకునే మనిషి కాదు. అలాంటివాడు ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేశాడు.

"అమ్మాయీ, మన ఊరి చివర ప్రభుత్వ భూమి ఉందిగా, కాలువ పక్కన. అక్కడ చెత్త యార్డు పెడతారంట. టౌన్ల చెత్తంతా లారీల్లో తెచ్చి ఇక్కడ పోస్తారంట. మీ నాయకుడికి చెప్పవా?"

చెప్పాను. ఆయన వెంటనే కదిలాడు. అది ఎన్నికలకు ముందు సంవత్సరం కాబట్టి కదిలాడని ఎవరైనా అనవచ్చు. అది కూడా ఉండి ఉంటుంది. కానీ ఎండలో, ఆ కాలువ గట్టు మీద, రెండు రోజులు ఊరివాళ్లతో పాటు కూర్చున్నాడు. మా వదిన పంపిన పెరుగన్నం అక్కడే తిన్నాడు. కౌలు చేసుకునే ఆడవాళ్లు చెప్పిందంతా విన్నాడు. మూడో రోజు పెద్ద సభ. ఆ ప్రసంగం నేను రాసిన వాటిలోకెల్లా మంచిది. అందులో ఒక వాక్యం ఉంది: "ఈ నేల మీద చెత్త పోయాలనుకుంటే, మొదటి తట్ట నా నెత్తిన పోయండి. ఆ తర్వాత మీ ఇష్టం."

నేను ఆ రోజు జనంలో వదిన పక్కన నిలబడి ఉన్నాను. ఆ వాక్యం దగ్గర ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, చూడకుండా చెప్పాడు. జనం ఒక్కసారిగా అరిచారు. వదిన ఏడ్చింది. మా ఊళ్లో ఒక ముసలావిడ ఉంది, భర్త పోయాక ఎకరన్నర కౌలుకు చేసుకుంటూ బతుకుతుంది, ఊరంతా పిన్నీ అంటారు. ఆవిడ చేతులెత్తి దండం పెట్టింది. అవి నా మాటలని గట్టిగా చెప్పాలనిపించింది.

ఆయన గెలిచాడు. ఆయన పార్టీ మాత్రం గెలవలేదు. యార్డు మాట అప్పటికి ఆగిపోయింది. మా ఊళ్లో ఆయన ఫోటో లేని ఇల్లు లేదన్నా అతిశయం కాదు. రెండేళ్లు గడిచాయి.

ఆ రెండేళ్లలో ఆయన మెల్లమెల్లగా మాట తగ్గించేశాడు. అసెంబ్లీలో మాట్లాడటానికి రాసిచ్చినవి చదవకుండానే తిరిగి వచ్చేవాడు. ఆఫీసులో జనం పలచబడ్డారు. నియోజకవర్గంలో ఏ పని జరగాలన్నా అధికార పార్టీ వాళ్ల దగ్గరకే పోవాలని అందరికీ అర్థమైంది. ఒక మధ్యాహ్నం నేను స్టాఫ్‌రూములో పేపర్లు దిద్దుకుంటుంటే పక్క టీచరు ఫోన్ చూపించింది. తెర మీద ఆయన, మెడలో కొత్త రంగు కండువా, పక్కన ఇన్నాళ్లూ ఆయన తిట్టిన మనుషులు. తిట్లు కూడా నేను రాసినవే.

"మీవాడేగా మేడమ్?" అంది ఆవిడ. వెక్కిరింపు ఏమీ లేదు, ఊరికే అడిగింది. నేను ఎర్ర పెన్ను పట్టుకుని ఒకే పేపరు ముందు అరగంట కూర్చున్నాను.

ఆ రోజు ఇంటికి పోయే సిటీ బస్సులో నా ముందు సీట్లో ఇద్దరు ఆఫీసు ఉద్యోగులు ఇదే మాట్లాడుకుంటున్నారు. "ఒక్కడన్నా మాట మీద నిలబడేవాడు దొరకడంటావా?" అని ఒకాయన. "దొరికితే మనం ఓటేస్తామంటావా?" అని రెండో ఆయన. ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. రెండు స్టాపులు ముందే దిగి నడిచాను. ఇంట్లో కూడా కుదురుగా కూర్చోలేకపోయాను. టీవీ పెట్టడం, ఆపడం, బాల్కనీలోకి పోవడం, రావడం. మా ఆయన, "నువ్వేమన్నా పార్టీ మారావా, నీకెందుకింత?" అన్నారు.

పది రోజులకు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. వెళ్లకూడదనుకున్నాను. వెళ్లాను.

ఆయన లేచి నిలబడి కుర్చీ జరిపాడు. ఆ మర్యాద ఎప్పుడూ తప్పలేదు. టీ తెప్పించాడు. సూటిగా చెప్పాడు.

"మేడమ్, యార్డు మళ్లీ వచ్చింది. ఈసారి మా ప్రభుత్వమే పెడుతోంది. ఆ ఊళ్లో నేనే నిలబడి చెప్పాలంట. మీరే రాయాలి."

"మొదటి తట్ట మీ నెత్తిన పోయమన్నారు కదండీ," అన్నాను.

"అన్నానండీ. కాదనట్లేదు." ఆయన గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. "రెండేళ్లు మాట మీద నిలబడ్డాను మేడమ్. ఏం జరిగింది? మీ అన్నయ్యగారి ఊరికి కాలువ మీద వంతెన అడిగాను, రాలేదు. హాస్పిటల్‌కి డాక్టర్ని అడిగాను, రాలేదు. జనం మొదట నిజాయితీపరుడన్నారు. తర్వాత చేతగానివాడన్నారు. ఇప్పుడు వంతెన వస్తుంది. యార్డూ వస్తుంది. రెండూ కలిపే వస్తాయి. విడదీసి ఇమ్మంటే ఎవరూ ఇవ్వరండీ."

"అయితే ఇదే మాట చెప్పండి వాళ్లకి. నాతో చెప్పినట్టే."

ఆయన నావైపు కొంచెం జాలిగా చూశాడు. "ఇట్లా చెప్తే వింటారా మేడమ్? అందుకేగా మిమ్మల్ని పిలిచింది."

అప్పుడు లేచి వచ్చేయాల్సింది. ఎన్నోసార్లు మనసులో లేచి వచ్చాను, ఆ మెట్లు దిగాను. కానీ జరిగింది అది కాదు. ఆయన చెప్పిన దాంట్లో సగం నిజం ఉందనిపించింది. ఆ సగాన్ని నేనైతే బాగా చెప్పగలనని కూడా అనిపించింది. అదే నా జబ్బు. కష్టమైన వాక్యం ఎదురైతే దాన్ని ఎట్లా తిప్పాలా అన్నదే ఆలోచిస్తాను, తిప్పాలా వద్దా అని కాదు. కాగితం తీసుకున్నాను. గంటలో రాశాను. ఊరంటే ఒక్క ఊరే కాదని, మన ఇంటి చెత్త ఇంకొకరి ఊళ్లో పడేయమనడం న్యాయమా అని, కొత్త పద్ధతుల్లో వాసన రాదని, వంతెన వస్తే పిల్లలు చుట్టూ తిరగకుండా బడికి పోతారని. అంతా చక్కగా కుదిరింది. అంత చక్కగా కుదిరినందుకే ఇంటికి వచ్చాక అన్నం సహించలేదు.

ఆ సభకు నేను వెళ్లలేదు. కాలేజీలో పరీక్షలని వంక పెట్టుకున్నాను. పన్నెండు గంటలకు అన్నయ్య ఫోన్ చేశాడు. వెనక జనం గోల వినిపిస్తోంది.

"అది నువ్వు రాసిందేగా?" అన్నాడు.

"ఏది?"

"అమ్మాయీ, నాటకాలొద్దు. మొదలుపెట్టడమే 'నిబ్బరించుకుని వినండి' అన్నాడు. చెడ్డ కబురు చెప్పే ముందు అమ్మ అట్టాగే అనేది. ఈ చుట్టుపక్కల ఇంకెవరన్నా అంటారా ఆ మాట?"

నేను రాసేటప్పుడు ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకే తెలియలేదు. కలం వెంట అలా వచ్చేసింది.

"ఆయన మాట మార్చాడని నాకేం ఆశ్చర్యం లేదులే," అన్నాడు అన్నయ్య. గొంతు పెంచలేదు. "వాళ్లకి ఏవో లెక్కలుంటాయి. నీకేమొచ్చింది? నువ్వెప్పుడు మార్చుకున్నావు?"

ఫోన్ పెట్టేశాడు. తర్వాత నేను చేస్తే తీయలేదు. వదిన తీసి, "పొలం పోయాడమ్మా" అని పొడిగా చెప్పి పెట్టేసేది. ఆవిడ నన్ను ఎప్పుడూ పేరు పెట్టే పిలిచేది. ఆ నెలంతా అమ్మా అనే అంది.

ఆ నెల నాకు బాగా గుర్తుంది. ఏ పనీ చివరిదాకా చేయలేదు. పాఠం మధ్యలో ఆగిపోయి ఎక్కడున్నానో పిల్లల్ని అడిగేదాన్ని. కూర స్టవ్ మీద పెట్టి బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టి, రెండూ వదిలేసి కొండ మెట్ల దాకా నడిచి వచ్చేదాన్ని. ఇద్దరు మనుషులు నాలో వాదించుకునేవాళ్లు. నేను కేవలం రాసిచ్చాను, చెప్పింది ఆయన, అని ఒకరు. మరి మొదటి ప్రసంగానికి చప్పట్లు కొడితే అవి నీవే అనుకున్నావుగా, అని రెండోవారు.

అప్పుడు పేపర్లో ప్రకటన వచ్చింది. యార్డు మీద ప్రజాభిప్రాయ సేకరణ, ఊరి హైస్కూలు ఆవరణలో, ఎవరైనా వచ్చి అభిప్రాయం చెప్పవచ్చు. నేను సెలవు పెట్టి వెళ్లాను. మా ఆయన వస్తానంటే వద్దన్నాను.

షామియానా కింద అధికారులు, పక్కన పోలీసులు, ముందు వరసలో ఆయన. ఊరివాళ్లు ఒక్కొక్కరే మైకు దగ్గరకు వచ్చి చెబుతున్నారు. వాసన గురించి, ఈగల గురించి, కాలువ నీళ్ల గురించి. ఒక అధికారి తలెత్తకుండా రాసుకుంటున్నాడు. నా వంతు వచ్చింది. ఇన్నేళ్లు పాఠం చెప్పినదాన్నే అయినా, జనం ముందు చేతిలో కాగితం లేకుండా మాట్లాడటం అదే మొదలు.

"నేను ఈ ఊరి ఆడపడుచుని. మూడేళ్ల కిందట యార్డు వద్దని ఎమ్మెల్యేగారు ఇక్కడ చెప్పిన మాటలు నేను రాశాను. పోయిన నెల యార్డు కావాలని చెప్పిన మాటలు కూడా నేనే రాశాను. రెండుసార్లూ మీరు నమ్మేట్టు రాయాలని చూశాను. తప్పు చేశాను. అది చెప్పడానికే వచ్చాను."

నేను ఊహించుకున్నది ఏమిటంటే, గగ్గోలు పుడుతుందని. లేదా ఎవరైనా నన్ను తిడతారని. ఏదీ జరగలేదు. వెనక నుంచి పిన్ని లేచింది.

"అయితే ఆ రెండిట్లో ఏది నిజమమ్మా?" అని అడిగింది.

యార్డు వస్తే ఈ ఊరికి నష్టం అన్నది నిజం. ఆ చెత్త ఎక్కడో ఒకచోటికి పోవాలన్నదీ నిజం. ఆవిడ అడిగింది అది కాదు. ఏ మాట నేను నమ్మి రాశానని అడిగింది. నేను మైకు పట్టుకుని నిలబడే ఉన్నాను. అధికారి, "నెక్స్ట్ అండీ" అన్నాడు. దిగి వచ్చాను. అన్నయ్య దూరంగా గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. నా దగ్గరకు రాలేదు కానీ, వదినతో మంచినీళ్ల సీసా పంపించాడు.

మర్నాడు టీవీలో ఆయన మాటలు విన్నాను. విలేఖరి మొదటి ప్రసంగం సంగతి అడిగితే, నెమ్మదిగా, ఎప్పటిలాగే మర్యాదగా చెప్పాడు. "ఆ రోజు నేను చదివిన కాగితంలో కొన్ని ఆవేశపు మాటలు దొర్లాయండీ. అవి నా మాటలు కావు. రాసినవారే నిన్న అందరి ముందూ ఒప్పుకున్నారు."

సాయంత్రం నాకు ఫోన్ చేసి, "మీరేం మనసులో పెట్టుకోకండి మేడమ్. మీరు చెప్పింది నాకు మేలే చేసింది" అన్నాడు. ఎగతాళి కాదు. నిజంగానే కృతజ్ఞత ఉంది ఆ గొంతులో. నేను నిజం చెప్పి బరువు దించుకుందామనుకున్నాను. ఆ నిజాన్ని ఆయన తన తల కింద దిండులా పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఆయనకు ఇంకేమీ రాయలేదు. ఆయన కూడా అడగలేదు. ఇప్పుడు ఎవరో కుర్రాళ్ల కంపెనీ రాస్తోందట, వీడియోలతో సహా.

ఆ ఏడాదే పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. ఊళ్లో ఆడవాళ్లు కొంతమంది పిన్నిని ముందు పెట్టుకుని అన్నయ్య ఇంటికి వచ్చారు. సర్పంచ్‌గా నిలబడమన్నారు. "నీకు ఏ పార్టీ లేదు. నోరు తక్కువ. నువ్వు మాట ఇస్తే నిలబడతావు" అన్నారు. అన్నయ్య రెండు రోజులు ఒప్పుకోలేదు. మూడో రోజు ఒప్పుకున్నాడు. ఏ వాగ్దానమూ చేయనన్నాడు కానీ వాళ్లు వదల్లేదు. యార్డుకు సంతకం పెట్టనని చెప్పించుకునే కదిలారు. గెలిచాడు. గెలిచిన రోజు నాకు తనే ఫోన్ చేశాడు. ఏడు నెలల తర్వాత మొదటిసారి.

"ఇంక తిట్టుకోవడాలు అయిపోయినయ్యిలే. ఇంటికి రా," అన్నాడు.

సంవత్సరం గడవకముందే చిక్కు వచ్చి పడింది. ఆ భూమి ప్రభుత్వానిది కాబట్టి పంచాయతీ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా యార్డు వస్తుందని అధికారులు తేల్చి చెప్పారు. అయితే పంచాయతీ తీర్మానం చేసి ఇస్తే కొన్ని షరతులు రాయిస్తామన్నారు. కాలువ వైపు స్థలం వదిలేయడం, చుట్టూ ఎత్తు గోడ, లారీల మీద టార్పాలిన్ పట్టా కప్పి తేవడం, పగలు మాత్రమే రావడం. తీర్మానం లేకపోతే షరతులూ లేవు.

నేను వెళ్లేసరికి అన్నయ్య వసారాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. అన్నం పెడితే రెండు ముద్దలు తిని లేచాడు. "వారం నుంచి ఇంతే," అంది వదిన. "చెయ్యి కడుక్కోవడం కూడా మర్చిపోతున్నాడు."

"ఏం చెయ్యమంటావు?" అని నన్ను అడిగాడు. నేను నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "సలహా చెప్పు. కానీ నువ్వేమీ రాయకు. ఒక్క ముక్క కూడా."

"రాయను," అన్నాను. "సలహా కూడా నాకు తెలియదన్నయ్యా."

తర్వాతి ఆదివారం పొద్దున పంచాయతీ ఆఫీసు వరండాలో ఊరిని పిలిచాడు. నేను మెట్ల మీద ఆడవాళ్లతో కూర్చున్నాను. మైకు లేదు. అన్నయ్యకు జనం ముందు మాట్లాడటం అలవాటు లేదు. ఒక చేత్తో స్తంభం పట్టుకుని చెప్పాడు.

"సంతకం పెట్టనని మీకు చెప్పాను. ఇప్పుడు పెడితే మంచిదేమో అనిపిస్తోంది. ఇంకా పెట్టలేదు. ఎందుకు అనిపిస్తోందో చెప్తా, వినండి. వద్దంటే పెట్టను. పెట్టకపోతే ఏమవుద్దో అది కూడా చెప్తా."

అధికారులు ఇచ్చిన కాగితాలన్నీ చదివి వినిపించాడు. తడబడ్డాడు. ఒక షరతు తప్పు చదివి మళ్లీ వెనక్కి వెళ్లాడు. చాలాచోట్ల నాకు వాక్యం అందించాలనిపించింది. రెండు చేతులూ ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

పిన్ని లేచింది. "నువ్వు కూడా వాళ్లలో కలిశావా అబ్బాయ్?"

"కలిశానో లేదో నువ్వే చెప్పాలి పిన్నీ."

"నేను నీకు ఓటేసింది ఇందుక్కాదు."

"కాదు," అన్నాడు అన్నయ్య. "నేనూ ఇందుకు నిలబడలా. నిన్ను మోసం చేసినట్టే ఉంది నాకు. అందుకే సంతకం పెట్టి వచ్చి చెప్పకుండా, ముందే చెప్తున్నా."

"కోర్టుకి పోదాం," అన్నాడొక రైతు. దాని మీద గంటసేపు నడిచింది. కోర్టు తేల్చేలోపు గోడ లేకుండానే యార్డు మొదలవుతుందని ఒకరు, మొదలైతే కానీ కోర్టుకు మన బాధ తెలియదని ఇంకొకరు. అరుపులు, పాత తగాదాలు, పక్కవాడి చేను గట్టు గొడవ కూడా మధ్యలో వచ్చింది. వదిన రెండుసార్లు టీ పంపింది. ఎండ మెట్ల మీదకు వచ్చింది. అన్నయ్య ఒక్కసారి కూడా కూర్చోలేదు, లోపలికి పోలేదు. తిట్టినవాళ్లను తిట్టనిచ్చాడు. మూడింటికి చేతులెత్తించి లెక్కపెట్టారు. సంతకం పెట్టమన్నవాళ్లే ఎక్కువ. పిన్ని చెయ్యి ఎత్తలేదు. ఆవిడతో పాటు పది పన్నెండు మంది లెక్క అవ్వకముందే లేచి వెళ్లిపోయారు. పోతూ ఆవిడ నా ముందు ఆగింది.

"ఇది నువ్వు రాసింది కాదుగా?"

"కాదు పిన్నీ."

"తెలుస్తానే ఉందిలే," అని వెళ్లిపోయింది. మెచ్చుకుందో తిట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు.

అన్నయ్య సంతకం పెట్టాడు. యార్డు వచ్చింది. గోడ కట్టారు. కాలువ వైపు స్థలం వదిలారు. వంతెన పనులు మొదలై పునాదుల దగ్గర ఆగాయి. పడమటి గాలి వీచిన రోజుల్లో ఊరి మీద వాసన ఉంటుంది. వదిన ఆ రోజుల్లో కిటికీలు మూసి వంట చేస్తుంది. పిన్ని అన్నయ్యతో మాట్లాడటం మానేసింది. పింఛను కాగితం పని పడితే మాత్రం ఆఫీసుకు వచ్చి బల్ల మీద పెట్టి నిలబడుతుంది. అన్నయ్య చేసి పెడతాడు. ఆవిడ తీసుకుని పోతుంది.

నన్ను ఒకటి వదలడం లేదు. ఆ నాయకుడూ మాట మార్చాడు, మా అన్నయ్యా మార్చాడు. ఆయనకూ కారణాలున్నాయి, అన్నయ్యకీ ఉన్నాయి. తూకం వేస్తే కారణాలు ఇంచుమించు ఒకటే. మరి ఒకరు టీవీలో కనిపిస్తే ఛానెల్ మార్చేసే నేను, ఇంకొకరిని చూడటానికి బస్సెక్కి ఎందుకు వెళ్తాను? అన్నయ్య కాబట్టా? ముందే చెప్పాడనా, పగలంతా నిలబడి తిట్లు తిన్నాడనా? అంతమాత్రం చాలా? పిన్నికి చాలలేదు. ఆవిడ నష్టానికి ఆవిడ లెక్క ఆవిడదే, దాన్ని నేను కాదనలేను. మనకు కావలసింది ఎన్నడూ మాట మార్చని మనిషా, లేక మార్చేటప్పుడు మన ముఖం చూసి చెప్పే మనిషా? ఒకరోజు ఒకటి అనిపిస్తుంది, మర్నాడు ఇంకొకటి.

పోయిన వారం ఊరు వెళ్లాను. ఇంట్లో అన్నయ్య లేడు. యార్డు గేటు దగ్గర ఉంటాడని వదిన చెప్పింది. రోజూ పొద్దున అక్కడికి పోతున్నాడట, లారీల మీద పట్టాలు కప్పారా లేదా చూడటానికి. నడుచుకుంటూ వెళ్లాను. గేటు ముందు సైకిల్‌కి స్టాండ్ వేసి నిలబడి ఉన్నాడు. ఒక లారీ పట్టా లేకుండా వచ్చింది. డ్రైవరు దిగి బతిమాలాడు, తర్వాత దబాయించాడు. అన్నయ్య జేబులోంచి షరతుల కాగితం తీసి చూపించాడు. మడతల దగ్గర చిరుగులు పట్టి ఉంది. డ్రైవరు ఎవరికో ఫోన్ చేసుకుని, విసుక్కుంటూ లారీ వెనక్కి తిప్పుకుని పోయాడు.

"రోజూ ఇట్లా ఎన్నాళ్లు వస్తావు?" అని అడిగాను.

"తెలీదు," అన్నాడు. "వచ్చే ఎన్నికల్లో మళ్లీ నిలబడమంటున్నారు. నిలబడాలో వద్దో అదీ తెలీట్లా."

దూరంగా రోడ్డు మలుపులో ఇంకో లారీ కనిపించింది. పట్టా ఉందో లేదో ఇక్కడి నుంచి తెలియడం లేదు. అన్నయ్య కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని అటే చూస్తున్నాడు. నేను కూడా చూస్తూ నిలబడ్డాను.